వేట మాంసానికి ఖీమా మిషన్: ఎంపిక నుంచి వాడకం దాకా ప్రాజెక్టు డైరీ

సీజన్‌కి ముందు

ఈసారి మా బావకి రెండు జింకలకి, ఒక అడవిపందికి పర్మిట్ దొరికింది. కొట్టేది తను, కోసి సర్దేది నేను, తినేది ఇంటిల్లిపాదీ. ఇన్నాళ్లూ మెడ, జబ్బ, పిక్కల మాంసం, పక్కటెముకల మధ్య నుంచి గీరిన తునకలు అన్నీ బయట ఇచ్చి ఖీమా కొట్టించేవాళ్లం. సీజన్ రద్దీలో నాలుగైదు ఇళ్ల మాంసం ఒకే తొట్టిలో పోసి తిప్పేస్తారు, తిరిగొచ్చేది మన మాంసమేనా అంటే ఎవరూ గట్టిగా చెప్పరు. మనకంటే ముందు అందులో ఏం తిప్పారో, ఎప్పుడు కడిగారో దేవుడికెరుక. అందుకని ఇంట్లోనే మిషన్ పెట్టేద్దామని తేల్చుకున్నాం. ఏ మిషన్ అన్నదగ్గరే గొడవ మొదలైంది.

ముందే ఒక మాట. ఇదంతా చట్టం ఒప్పుకునే చోట, సీజన్‌లో, పర్మిట్ మీద తెచ్చిన మాంసం సంగతి. వేట నిషేధం ఉన్నచోట ఉండేవాళ్లు వేటకి పోనక్కర్లేదు, మిషన్ గురించి రాసేదంతా మేక మాంసానికీ పనికొస్తుంది.

కొనే ముందు తెలియాల్సింది ఒక్క రోజులో ఎంత మాంసం తిప్పాలి అన్నది. ఏడాది మొత్తం లెక్క వేసుకుని లాభం లేదు, వేట మాంసం కొద్దికొద్దిగా రాదు కదా, వచ్చిన రోజున మొత్తం మీద పడుతుంది. బతికున్నప్పుడు 70 కిలోలు తూగే జింకలో పేగులు, తల, తోలు, ఎముకలు పోగా చేతికొచ్చే మెత్తటి మాంసం 25 కిలోలకి అటూ ఇటూ. అందులో వీపు కండ, తొడలోని మంచి ముక్కలు ఎవరూ ఖీమాకి వెయ్యరు. మిగిలిన సగం, అంటే 12, 13 కిలోలు మిషన్‌కి. రెండు జింకలు ఒకే వారాంతంలో పడితే 25 కిలోలు, పైన కలిపే కొవ్వు. ఇదీ నా టార్గెట్. దీనికి మించిన మిషన్ వద్దు, దీనికి తగ్గినది అసలే వద్దు.

నంబర్ల గోల

గ్రైండర్ల మీద 5, 8, 12, 22, 32 అని నంబర్లు వేసి ఉంటాయి. ఇవి మిల్లీమీటర్లూ కావు, అంగుళాలూ కావు, హార్స్‌పవర్ అంతకన్నా కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన ఎంటర్‌ప్రైజ్ అనే కంపెనీ 19వ శతాబ్దంలో తన చేతి మిషన్లకి పెట్టుకున్న సైజు నంబర్లు. తర్వాత వచ్చినవాళ్లూ వాటినే పట్టుకున్నారు. నంబర్ చూడగానే చిల్లుల ప్లేటు వ్యాసం తెలిసిపోతుంది: 8 అంటే సుమారు 62 మిల్లీమీటర్లు, 12 అంటే 70, 22 అంటే 82, 32 అంటే 100కి కాస్త తక్కువ.

ఇవి చదివితే 12కీ 32కీ పెద్ద తేడా లేనట్టే అనిపిస్తుంది, 70 ఎక్కడ, 98 ఎక్కడ, మూడు సెంటీమీటర్లేగా అని. కానీ మాంసం బయటికొచ్చేది ప్లేటు వైశాల్యం మీదుగా, కాబట్టి వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి పోల్చుకోవాలి. అలా చూస్తే 22 నంబరు 12కంటే మూడో వంతు పైచిలుకు పెద్దది, 32 నంబరు ఏకంగా రెట్టింపు. దాన్ని తిప్పడానికి మోటారూ ఆ లెక్కనే పెరగాలి. చిన్న మోటారుకి పెద్ద తల, అంటే మాంసం తోసి కోసే ముందుభాగం, తగిలించి అమ్మేవి కొన్ని కనపడ్డాయి, వాటి జోలికి పోకూడదు.

నంబర్ల వల్ల ఇంకో లాభం ఏంటంటే ఒక కంపెనీ మిషన్‌కి ఇంకో కంపెనీ ప్లేటు, బ్లేడు చాలావరకు పట్టేస్తాయి. యూరప్ మిషన్లలో ఉంగర్ అని వేరే పద్ధతి ఉంది, అందులో బ్లేడు రెండు వైపులా కోస్తుంది, ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి రెండు మూడు ఉంటాయి. కోత బాగుంటుంది కానీ ఆ సామాను ఎంటర్‌ప్రైజ్ తరహా మిషన్‌కి పట్టదు. నంబరే లేకుండా, "మా మోడల్‌కి మా ప్లేటే" అనే వంటింటి మిషన్లని మాత్రం మొదటి రోజే లిస్టులోంచి కొట్టేశాను. వాటి బ్లేడు అరిగిందంటే మిషనే పోయినట్టు.

వాట్ల మాయ

అట్ట పెట్టె మీద 2000 వాట్లు అని కొట్టొచ్చినట్టు అచ్చేసి ఉంటుంది. మిషన్ తిరగేసి అడుగున అతికించిన చిన్న రేకు చూస్తే 350 వాట్లు అని ఉంటుంది. రెండూ అబద్ధం కాదు. పెట్టె మీది అంకె చాలాసార్లు మోటారు పూర్తిగా బిగుసుకుపోయి తిరగలేని స్థితిలో లాగే కరెంటు, అంటే మోటారు కాలిపోబోయే ముందు చేసే ఆర్తనాదం. రోజువారీ పనికి లెక్క రేకు మీదిదే. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అదీ ఇరుసు దగ్గర బయటికొచ్చేది, గోడ దగ్గర లాగేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం మిషన్లు వాటంతట అవే జారిపోతాయి.

మోటార్లలో రెండు రకాలున్నాయి. మిక్సీల్లో ఉండేలాంటి బ్రష్ మోటారు నిమిషానికి పదివేలకి పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని వందా రెండొందల చుట్లకి దించడానికి గేర్ల మీద గేర్లు పెట్టాలి, అందుకే అది అరిచినంతగా ఏదీ అరవదు. ఇండక్షన్ మోటారు మొదట్లోనే నిదానం, 1400 నుంచి 1700 చుట్ల మధ్య ఉంటుంది, బరువెక్కువ, చప్పుడు తక్కువ, వేడెక్కడం నిదానం. వేట మాంసానికి, అంటే ఒక్కసారి మొదలుపెడితే గంటసేపు ఆపకుండా తిప్పాల్సిన పనికి, నా ఓటు ఇండక్షన్‌కే.

గేర్లు ఇంకా ముఖ్యం. చిన్న మిషన్లలో నైలాన్ గేరు ఒకటి కావాలనే పెడతారు, ఎముక ముక్క అడ్డుపడితే ముందు అది విరిగి మోటారుని కాపాడుతుందని. ఆలోచన మంచిదే, కానీ ఆ గేరు విడిగా దొరికితేనే. దొరకని మిషన్‌లో అది కాపలా కాదు, గడువు తేదీ. అందుకే "అన్నీ మెటల్ గేర్లేనా?" అని అడగడంతో ఆగకుండా "ఓవర్‌లోడ్ బ్రేకర్ ఉందా, రీసెట్ బటన్ ఎక్కడ?" అని కూడా అడుగుతున్నాను. ఇంకోటి, మాన్యువల్‌లో ఏకబిగిన ఎంతసేపు తిప్పొచ్చో రాసి ఉంటుంది. 5 నిమిషాలు తిప్పి 15 నిమిషాలు ఆపమని రాసిన మిషన్‌తో 25 కిలోలు తిప్పాలంటే, సగం రోజు మిషన్ చల్లారడం కోసం మనం కాపలా కాయాలి, ఈలోపు మాంసం వేడెక్కుతుంది.

విప్పి చూస్తే గానీ తెలీదు

ఈ వారాంతం కొత్తవీ, వాడినవీ కొన్ని మిషన్లు చూసొచ్చాం. అమ్మేవాళ్లు స్విచ్ వేసి చూపించడానికే ఇష్టపడతారు. ఖాళీగా తిరిగే మిషన్ చూసి తెలిసేదేం లేదు. నేను అడిగింది తల విప్పమని.

ముందు రింగు తిప్పి తీశాను, తర్వాత ప్లేటు, బ్లేడు, చివర్లో మాంసాన్ని ముందుకు తోసే స్క్రూ. ప్లేటు మీద బ్లేడు బోర్లించి లైటుకి ఎదురుగా పట్టి చూస్తే, నాలుగు రెక్కలూ ప్లేటుకి పూర్తిగా ఆనాలి. ఒక మిషన్‌లో రెండు రెక్కల కింద నుంచి సన్నగా వెలుతురు కనపడింది. చూడ్డానికి వెంట్రుక మందం కూడా లేదు, కానీ ఆ సందులోకి కండ మీది తెల్లపొర దూరిందంటే తెగదు, మడతపడుతుంది. అంత మెరిసిపోయే మిషన్‌ని ఆ సందు చూసే వదిలేశాను.

స్క్రూ ఎంత వదులుగా కదులుతుందో కూడా చెయ్యి పెట్టి ఊపి చూశాను. గొట్టం గోడకీ స్క్రూ అంచుకీ మధ్య ఎడం ఎక్కువుంటే మాంసం ముందుకి పోవడానికి బదులు అక్కడే తిరిగి తిరిగి ముద్దవుతుంది. ఎంత హార్స్‌పవర్ ఉన్నా దీనికి మందు లేదు.

తల ఏ లోహంతో చేశారన్నది మూడో సంగతి. అల్యూమినియం తేలిక, చవక, కానీ డిష్‌వాషర్‌లో పెడితే సబ్బు ఘాటుకి నల్లబడి ముట్టుకుంటే చేతికి బూడిద రంగు అంటుకుంటుంది. తగరం పూత పూసిన ఇనుము గట్టిదే, పూత పోయిన చోట తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు బరువు, ఖరీదు, బెంగ లేదు. మోటారు డబ్బా స్టీలుదై తల అల్యూమినియంది అయినవి కూడా "ఫుల్ స్టెయిన్‌లెస్" అనే పేరుతోనే అమ్ముతున్నారు, అయస్కాంతంతో కూడా తేలదు, చేత్తో ఎత్తి బరువు చూడాల్సిందే.

అరువు మిషన్‌తో పరీక్ష

బావ స్నేహితుడి దగ్గర 8 నంబరు చిన్న మిషన్ ఒకటి అరువు తెచ్చాం. కొత్తది కొనే ముందు వేట మాంసం ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కళ్లారా చూద్దామని. పోయినేడాది జింక పిక్కల మాంసం కొంచెం ఫ్రీజర్ అడుగున ఉంది. దాన్ని రెండు భాగాలు చేశాను. మొదటి భాగం పొర తియ్యకుండా, మామూలుగా కరగనిచ్చి, ముక్కలు కోసి వేశాను.

మొదటి గుప్పెడు బానే వచ్చింది, ఎర్రగా, విడివిడి తీగల్లా. రెండో గుప్పెడికి తీగలు లావయ్యాయి, అంచులు చిరిగినట్టున్నాయి. ఆ తర్వాత సగం చిల్లుల్లోంచి ఏమీ రావట్లేదు, మిగతా సగంలోంచి గులాబీ రంగు పేస్టు వస్తోంది, రింగు పక్క నుంచి రసం కారుతోంది, మోటారు గొంతు బరువెక్కింది. "చూశావా, పవర్ చాలట్లా" అన్నాడు బావ. ప్లగ్ పీకి తల విప్పాను. బ్లేడు మధ్య బొడిపె చుట్టూ తెల్లటి పొర చుట్టచుట్టుకుపోయి ఉంది, దారపు కండెలా బిగుసుకుని, వేలితో లాగితే రాలేదు, కత్తి మొనతో కోసి ఊడదీయాల్సి వచ్చింది. ఆ చుట్ట మందానికి బ్లేడు ప్లేటు నుంచి పైకి లేచిపోయింది. ఇంక కోత ఎక్కడిది, నలగడమే.

రెండో భాగానికి కండ మీది తెల్లపొర, చీలమండ దగ్గరి నరాలు తీసేశాను. అంగుళం ముక్కలు కోసి, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, అంచులు గట్టిపడి లోపల మెత్తగా ఉండేదాకా ఫ్రీజర్‌లో పెట్టాను. మిషన్ తల, స్క్రూ, బ్లేడు, ప్లేటు కూడా అదే ఫ్రీజర్‌లో. థర్మామీటర్ గుచ్చితే మాంసం 0 డిగ్రీల దగ్గర ఉంది. అదే చిన్న మిషన్, అదే మోటారు, ఆపకుండా చివరిదాకా తిప్పేసింది. తీగలు తీగల్లానే వచ్చాయి, ఎర్ర మాంసం ఎర్రగా, కొవ్వు తెల్లగా విడిగా కనిపించింది. బావ ఏమీ అనలేదు, ఇంకో గుప్పెడు తెచ్చి తోశాడు.

ఈ పరీక్ష తర్వాత నా లిస్టు తలకిందులైంది. వేట మాంసంలో కండ గట్టిది కాదు, మిషన్‌కి అసలు శత్రువు పొర, నరం, వేడి. అడవిలో పరిగెత్తే జంతువుకి పొరలు ఎక్కువ, కొవ్వు తక్కువ. ఎక్కువ హార్స్‌పవర్ మిషన్ పొరని కొంచెం ఎక్కువసేపు భరిస్తుంది, అంతే, చివరికి అదీ చుట్టుకుంటుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది బ్లేడు, ప్లేటు, గేర్ల మీద. మిగిలింది ఓపిక మీద.

పెద్దదా, చిన్నదా

"ఒరేయ్, ఎలాగూ కొంటున్నాం, 32 తీసుకో, మళ్లీ మళ్లీ కొంటామా" అని బావ పట్టు. నా అభ్యంతరాలు రెండు. 32 తల ఒక్కటే ఫ్రీజర్‌లో ఒక అర మొత్తం తినేస్తుంది, ఆ రోజు ఫ్రీజర్ నిండా మాంసం ట్రేలు ఉంటాయి. తల చల్లబరచకుండా తిప్పితే పెద్ద మిషన్ కొన్న లాభం సగం పోతుంది. రెండోది, దాన్ని అల్మరాలోంచి దించి, తిప్పి, కడిగి మళ్లీ ఎక్కించేది నేను. "అయితే దించడానికి నేనొస్తా" అన్నాడు. కడగడానికి వస్తానని మాత్రం అనలేదు.

22 మీద నాకూ మనసు పోయింది. గొంతు, అంటే మాంసం వేసే గొట్టం, వెడల్పు కాబట్టి ముక్కలు పెద్దగా కొయ్యొచ్చు, కోత టైము మిగులుతుంది. ఏడాదికి ఎల్క్‌లాంటి పెద్ద జంతువు ఒకటి పడే ఇంటికి, లేదా రెండు మూడు కుటుంబాలు కలిసి కొనుక్కుంటే, 22 సరైన సైజు. మాకు ఒక రోజుకి 25 కిలోలు, అది 12 నంబరు సునాయాసంగా లాగుతుంది. చివరికి 12 నంబరు, ముప్పావు హార్స్‌పవర్ ఇండక్షన్ మోటారు, మెటల్ గేర్లు, స్టెయిన్‌లెస్ తల, రివర్స్ స్విచ్, నూనె కారని సీలు గేర్‌బాక్స్. ఆర్డర్ పెట్టేశాం. దాంతోపాటు ఒక బ్లేడు ఎక్కువ, 10, 4.5 మిల్లీమీటర్ల ప్లేట్లు. మిషన్‌తో వచ్చే ప్లేట్లు ఎలా ఉంటాయో చూశాం కదా.

చేతి మిషన్ గురించి బావ కొడుకు అడిగాడు. బల్లకి బిగించే 10 నంబరు చేతి మిషన్ మంచి పనిముట్టే, ఒక కుందేలుకో నాలుగు పిట్టలకో అది చాలు, కరెంటు లేని చోట అదే దిక్కు. 25 కిలోలు మాత్రం దాంతో తిప్పితే మర్నాడు భుజం మనది కాదు.

కొత్తది వచ్చింది

పెట్టె విప్పగానే వంట మొదలెట్టేది కాదు ఇది. తయారీలో పూసిన గ్రీజు స్క్రూ మలుపుల్లో, తల లోపలి గాడుల్లో ఉంటుంది, వేడినీళ్లు, సబ్బు, సీసా బ్రష్‌తో తోమినా కొంచెం మిగులుతుంది. అందుకని పారేసే కొవ్వు తునకలు గుప్పెడు తిప్పాను. మొదట వచ్చిన కొవ్వులో బూడిద రంగు చారలు, చివరికొచ్చేసరికి తెల్లగా. అదంతా చెత్తలోకి, మళ్లీ కడుగుడు.

ప్లేటు చదును చెయ్యడం సాయంత్రం పని. గాజు పలక మీద 400 గ్రిట్ వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, పరిచి, నీళ్లు చిలకరించి, ప్లేటుని ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దాలి. ముందు ప్లేటు మొహం మీద మార్కర్‌తో గీతలు గీశాను. కాసేపు రుద్దాక గీతలు అంచుల్లో చెరిగి మధ్యలో ఉండిపోయాయంటే మధ్యలో గుంట ఉన్నట్టు. ఈ కొత్త ప్లేటుకీ ఉంది, బహు స్వల్పంగా. గీతలన్నీ చెరిగేదాకా రుద్దాను. బ్లేడు చదునువైపు కూడా అంతే. తర్వాత లైటుకి పెట్టి చూస్తే ఎక్కడా వెలుతురు లేదు.

ప్లేటూ బ్లేడూ ఒకదానికొకటి అరిగి జత కుదురుతాయి. అందుకే ఏ ప్లేటుకి ఏ బ్లేడో గుర్తు పెట్టాను, ఒకదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు. బ్లేడు చదునువైపు ప్లేటుకి ఆనాలి, బొడిపెవైపు స్క్రూకి. తిరగేసి పెడితే మిషన్ ఏం ఫిర్యాదు చెయ్యదు, నిశ్శబ్దంగా మాంసాన్ని రుబ్బి పేస్టు చేస్తుంది. "మా మిషన్ ఖీమా కొట్టట్లేదు" అనేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రింగు చేత్తో గట్టిగా బిగిస్తే చాలు, స్పానర్ పెట్టి బిగిస్తే లోహం లోహాన్ని తింటుంది, ఆ రజను పోయేది మన ఖీమాలోకే. ప్లేటు పెట్టి మాంసం లేకుండా తిప్పకూడదన్నదీ అందుకే.

జింకలు వచ్చాయి

రెండూ ఒకే వారాంతంలో. అనుకున్నట్టే అయింది.

తిప్పడం కంటే ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి, వాటిలో తూటా గాయం సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. సీసపు తూటా తగలగానే చిట్లి ఇసుక రేణువులంత సన్నటి ముక్కలై గాయానికి చాలా దూరం పోతుంది, అవి కంటికీ కనపడవు, వేలికీ తగలవు. 2008లో అమెరికాలోని నార్త్ డకోటాలో పేదలకి దానంగా వచ్చిన జింక ఖీమా ప్యాకెట్లని ఎక్స్‌రే, సీటీ తీసి చూస్తే సీసం బయటపడింది, ఆ మాంసం పంచొద్దని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పేసింది. ముక్కగా వండితే సీసం ఆ ముక్కలోనే ఉంటుంది, ఖీమా తిప్పితే మొత్తం వాయికి పాకుతుంది. నేను గాయం చుట్టూ చెయ్యెడు మేర, నెత్తురు కమిలిన మాంసం అంతా కోసి పారేశాను. బావకి మనసొప్పలేదు, "అంత జబ్బ పోయిందిరా" అని గొణిగాడు. వచ్చే సీజన్‌కి రాగి తూటాలు కొంటానని తనే అన్నాడు.

ఇంకోటి గ్రంథులు. తొడ వెనక రెండు కండల మధ్య కొవ్వు ముద్ద ఒకటి ఉంటుంది. దాన్ని వేళ్లతో చిదిమితే లోపల చిక్కుడు గింజంత, కొన్నిసార్లు ఇంకా పెద్దగా, బూడిద గోధుమ రంగులో నున్నగా ఒకటి తగులుతుంది. లింఫ్ గ్రంథి అది. జబ్బ ముందు కూడా ఉంటుంది. వాటిని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసెయ్యాలి, మిషన్‌లో పడితే రుచీ పోతుంది, రోగక్రిములుంటే అవీ కలుస్తాయి. జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు తిరిగే ప్రాంతమైతే టెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆ జంతువు మాంసం విడిగా ఉంచాలి. వెన్ను, మెదడు జోలికి ఎలాగూ పోము.

జింక కొవ్వు కూడా తీసేశాను. అది గట్టి కొవ్వు, నోట్లో కరగదు, అంగిట్లో మైనంలా అతుక్కుంటుంది. దాని బదులు పంది వీపు కొవ్వు. 10 కిలోల ఎర్ర మాంసానికి 1.75 కిలోలు వేస్తే మొత్తంలో 15 శాతం అవుతుంది. కూరకి వాడే ఖీమాకి ఇందులో సగం చాలు, బర్గర్ ప్యాటీలకైతే 15 కంటే తగ్గితే పెనం మీద రాలిపోతాయి.

తిప్పడం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అంటే మిషన్ ఎంపిక సరిగ్గా ఉన్నట్టే. మొదట 10 మిల్లీమీటర్ల ప్లేటుతో మాంసం, కొవ్వు కలిపి ఒకసారి, గిన్నె మళ్లీ ఫ్రీజర్‌లోకి, తర్వాత 4.5 ప్లేటుతో రెండోసారి. మాంసం 4 డిగ్రీలు దాటితే ఆపేసి మళ్లీ చల్లబరచడం, ఇదొక్కటే రూలు. తోపుడు కర్రతో అదమాల్సిన అవసరమే రాలేదు, గొంతులో వేస్తే స్క్రూ తనే లాక్కుంది. అదిమి తోయాల్సి వస్తోందంటే లోపల ఏదో చుట్టుకుందనే అర్థం. ఒకసారి మోటారు శబ్దం మారగానే ఆపి, రివర్స్ ఒక్క క్షణం తిప్పి, ప్లగ్ తీసి విప్పితే మెడ మాంసంలోని పసుపు నరం ముక్క దొరికింది. మెడ ఎంత శుభ్రం చేసినా ఎక్కడో ఒకటి మిగులుతుంది. వేళ్లు గొంతులో పెట్టకూడదని చెప్పనక్కర్లేదు, కానీ పిల్లలు పక్కన నిలబడి చూస్తున్నప్పుడు ఆ మాట పైకి అనడం మంచిది.

చివర్లో తల లోపల కొంత మాంసం మిగిలిపోతుంది. రొట్టె ముక్క ఒకటి వేస్తే అది వెనక నుంచి తోసేస్తుంది, ప్లేటులోంచి తెల్లగా రాగానే ఆపెయ్యడం.

అడవిపంది, విడిగా

దీన్ని జింకలతో కలపలేదు, ఇంకో రోజు పెట్టుకున్నాను. అడవిపందిలో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, కోసేటప్పుడు చేతికి గాయం ఉంటే దాని గుండా ఎక్కుతుంది, అందుకని గ్లౌజులు. ట్రైకినెల్లా పురుగు కండలో ఉంటుంది. పెంపుడు పంది మాంసంలోనిదైతే 15 సెంటీమీటర్ల లోపు మందం ముక్కల్ని మైనస్ 15 డిగ్రీల దగ్గర 20 రోజులు ఉంచితే చస్తుందని లెక్క ఉంది, అడవి జంతువుల్లో చలికి చావని రకాలు కూడా ఉన్నాయి కాబట్టి ఫ్రీజర్‌ని నమ్ముకోకూడదు. అదీకాక ముక్క మాంసంలో క్రిములు ఎక్కువగా పైనే ఉంటాయి, పెనం తగలగానే పోతాయి. ఖీమా తిప్పితే పైదంతా లోపలికి పోతుంది. ఏ వేట మాంసం ఖీమా అయినా మధ్యలో 71 డిగ్రీలు వచ్చేదాకా ఉడకాల్సిందే, ప్యాకెట్ల మీదే మార్కర్‌తో 71 అని రాసేశాను, వండేది ఎవరైనా అడగకుండా తెలుస్తుంది.

మిషన్ పరంగా పంది సులువు. కొవ్వు దానికదే ఉంది, పొరలు తక్కువ. కాకపోతే ఆ కొవ్వు మెత్తన, త్వరగా కరుగుతుంది, మాంసాన్ని జింకకంటే ఇంకా గట్టిగా చల్లబరిచాను.

కడగడం, మిగిలిన పనులు

తిప్పడం కంటే కడగడానికే ఎక్కువసేపు పట్టింది, ఈ సంగతి మిషన్ అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాత సబ్బు నీళ్లు, తర్వాత మరిగే నీళ్లు. మొదటే మరిగే నీళ్లు పోస్తే మాంసం ఉడికి చిల్లుల్లో బిగుసుకుపోతుంది. ప్లేటు చిల్లులు ఒక్కొక్కటీ సన్న బ్రష్‌తో. కార్బన్ స్టీలు బ్లేడు అప్పటికప్పుడు తుడవాలి, తడిగా గంటసేపు వదిలితే నారింజ రంగు తేలుతుంది. పూర్తిగా ఆరాక ఆహార పాత్రలకి వాడే మినరల్ ఆయిల్ చుక్క రాసి, ప్లేటూ బ్లేడూ జతగా కాగితంలో చుట్టి పెట్టాను. వంటనూనె రాస్తే జిగురు కట్టి పాచి వాసనొస్తుంది.

ఇంకా చెయ్యాల్సినవి: సాసేజ్ గొట్టం బిగించి చూడాలి, గ్రైండర్‌తోనే నింపితే ఖీమా మళ్లీ వేడెక్కి నలుగుతుందని నా అనుమానం, బ్లేడు తీసేసి పెద్ద చిల్లుల ప్లేటుతో ఒక కిలో ప్రయత్నించి, నచ్చకపోతే విడిగా సాసేజ్ నింపే చేతి స్టఫర్ కొంటాం. 4.5 ప్లేటు జత బ్లేడు వచ్చే సీజన్‌కి ముందు మళ్లీ గాజు పలక ఎక్కాలి. బావ ఇప్పుడు ఎల్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెడతానంటున్నాడు. అది వస్తే 22 గురించి మళ్లీ మాట్లాడుకుంటాం, ఈసారి కడిగే వంతు ఎవరిదో ముందే రాసుకుని.